మూడు షిఫ్టుల గేదె

భిలాయిలో నా మొదటి పదేళ్లలో కడుపునిండా నిద్రపోయిన రోజులెన్నని ఎవరైనా అడిగితే వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పగలను. రెండో చెయ్యి అక్కర్లేదు. ఉక్కు ప్లాంటులో ఏ షిఫ్టు ఒక వారం, బి షిఫ్టు ఒక వారం, సి షిఫ్టు ఒక వారం. పొద్దున్న పళ్లు తోముకునే వారం, మధ్యాహ్నం తోముకునే వారం, అసలు తోముకున్నానో లేదో గుర్తులేని వారం. ఒకసారి అద్దం ముందు నిలబడి, ఎదురుగా ఉన్న మనిషిని వేరే షిఫ్టు వాడనుకుని, "డ్యూటీ దిగిపోయావా?" అని పలకరించాను. అతను కూడా నాతోపాటే పలకరించాడు. ఇద్దరం మర్యాదగా విడిపోయాం.

ఈ తిరుగుడుకి మనిషిలో ముందుగా లొంగిపోయేది కడుపు. మేముండే ఖుర్సీపార్ బస్తీలో ఇద్దరు తెలుగువాళ్ళు ఎదురుపడితే కుశలప్రశ్న ఒకటే ఉండేది: "ఏటి, గ్యాసు తగ్గిందా?" ఫర్నేసుల్లో పుట్టే గ్యాసుని ప్లాంటువాళ్ళు పెద్ద పెద్ద గొట్టాల్లో పట్టి పనికి వాడుకునేవాళ్ళు. మా కడుపుల్లో పుట్టేదానికి అలాంటి ఏర్పాటు లేకపోయింది గాని, ఉండి ఉంటే సుపేలా బజారు మొత్తానికి మేమే దీపాలు వెలిగించేవాళ్ళం. అందుకే ప్రతివాడి జేబులోనూ ఏదో ఒక పొడి ఉండేది. పొడి లేని తెలుగువాడు గేటు దగ్గర పాసు లేనివాడిలా బిక్కుబిక్కుమంటూ తిరిగేవాడు.

డెబ్బైల చివర్లో మా పెరట్లో ఒక గేదె ఉండేది. దాని కడుపుని కూడా మేం ముగ్గురు మగాళ్ళం కలిసి షిఫ్టుల్లో పెట్టాం. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒక ఆవులింతా ఒక సిగ్గూ కలిసే వస్తాయి నాకు.

గేదె కావాలన్నది మా ఆవిడ. బొబ్బిలి దగ్గర పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. హిందీ ముక్క రాదు. క్వార్టరు తలుపు తీస్తే ఎదురుగా పొగగొట్టాలు, మూస్తే లోపల పట్టపగలు గుర్రుపెడుతున్న మొగుడు. మొదటి ఏడాది ఆవిడ మాట్లాడిన మాటలన్నీ ఒక పోస్టు కార్డు మీద రాసేసి, మిగిలిన జాగాలో చిరునామా కూడా రాసుకోవచ్చు. ఒకరోజు మాత్రం అన్నం వడ్డిస్తూ, "పాడి లేని ఇంట్లో నాకు కాలు నిలవదండీ" అంది. అంతే అంది. ఆ తరవాత మూడు రోజులు ఏమీ అనలేదు. నాలుగో రోజు నేను గేదె కోసం బయల్దేరాను.

షిఫ్టుల మనిషి ఒక్కడూ గేదెని సాకలేడు. గడ్డి తేవాలి, తవుడు తేవాలి, వేళకి పెట్టాలి. అందుకని మా వరసలోనే ఉండే ఇద్దర్ని కలుపుకున్నాను. ఒకడు క్రేన్ ఆపరేటరు. శ్రీకాకుళం వైపు వాడు, ఇంకా పెళ్లి కాలేదు. చుట్టరికం ఏమీ లేకపోయినా ఒకళ్ళనొకళ్ళం బావా అనుకునేవాళ్ళం. రెండో ఆయన పంప్ హౌసులో పని చేసే పెద్దాయన. విజయనగరం ఆయనది. కుటుంబాన్ని ఊళ్లోనే ఉంచి ఇక్కడ ఒంటరిగా ఉండేవాడు. ఆయన్ని అందరం మావయ్యా అనేవాళ్ళం. ముగ్గురికీ కలిపి ఒక గేదె, కొట్టం మాత్రం మా పెరట్లో.

ఊరి అవతలి పల్లె నుంచి తోలుకొచ్చిన ఆ గేదె సామాన్యమైనది కాదు. ముట్టె నుంచి తోక దాకా పూర్తిగా చూడాలంటే మధ్యలో ఒకసారి ఆగి టీ తాగాల్సి వచ్చేది. అది పక్కకి తిరిగితే మా పెరట్లో పొద్దు వాలిపోయేది. కొమ్ముల మీద మావయ్య లుంగీ ఆరేస్తే రెండో కొమ్ము దాకా అందక ఒక కొమ్ముకే వేలాడేది. దానికి ఛత్తీస్‌గఢీ తప్ప మరో భాష రాదు, మా ఆవిడకి తెలుగు తప్ప రాదు. నెల తిరక్కుండా గేదెకి బొబ్బిలి యాస వచ్చేసింది. మా ఆవిడకి మాటలొచ్చేశాయి. సి షిఫ్టు దిగి వస్తుంటే పెరట్లోంచి వినపడేది, అది పాలు ఇస్తూ ఉంటే ఈవిడ కబుర్లు చెబుతూ ఉండేది. నాకెప్పుడూ చెప్పని సంగతులు. వాళ్ళ చెల్లెలి మీద కోపం, ఊళ్ళో చింతచెట్టు, నా గురక.

తరవాత ఆడవాళ్ళు చెంబులు పట్టుకుని పాలకి రావడం మొదలెట్టారు. సందు అవతల పశువుల్ని మేపే రౌతు కుటుంబం ఉండేది. ఆ ఇంటి పెద్దావిడని అందరూ రౌతాయిన్ అనేవాళ్ళు. మా ఆవిడకి ఈ ఊళ్ళో దొరికిన మొదటి నేస్తం ఆవిడే. ఈవిడ ఆవిణ్ణి దీదీ అనేది, ఆవిడ ఈవిణ్ణి నోనీ, అంటే చిన్నపిల్లా అని పిలిచేది. ఇద్దరూ చెరో భాషలో గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళు. ఎలా అర్థమయ్యేదో వాళ్ళకే తెలియాలి. ఆరు నెలలు తిరిగేసరికి మా ఆవిడ మా సందులో భైంస్‌వాలీ దీదీ, అంటే గేదె అక్క, అయిపోయింది. నేను ఆ ఊళ్ళో పదేళ్ళున్నా నాకొక పేరు రాలేదు, ప్లాంటువాళ్ళిచ్చిన టికెట్ నంబరు తప్ప.

పనులు న్యాయంగానే పంచుకున్నాం. పాలు పితకడం, పేడ ఎత్తడం, పిడకలు కొట్టడం, గేదెని కడగడం, పాలు పంచడం మామూలు పనులు గనక అవి మా ఆవిడవి. దాణా పెట్టడం సాంకేతిక విషయం గనక అది మగాళ్ళది. సి షిఫ్టు దిగినవాడు పొద్దున్న, ఏ షిఫ్టు దిగినవాడు మధ్యాహ్నం, బి షిఫ్టు దిగినవాడు రాత్రి. ప్లాంటు భోంపు, అదే సైరను, మోగిన అరగంటకి మా గేదె ముందు తొట్టి నిండాలి. ఇంత చక్కటి ఏర్పాటు ఇంతవరకూ ఎవడికీ తట్టలేదే అని ముగ్గురం ఒకళ్ళ భుజం ఒకళ్ళం తట్టుకున్నాం.

అయితే వారం వారం షిఫ్టులు మారేవి. ముగ్గురి దాణా మూడు రకాలు. నేను తవుడు, చిట్టు కలిపి కుడితిలో పెట్టేవాణ్ణి. బావ వేరుశనగ చెక్క నానబెట్టేవాడు. మావయ్య పప్పుల చున్నీ, అంటే పొట్టూ నూకా, ఉడకబెట్టి, చల్లార్చి, తన పెళ్ళాం పిల్లల్ని తలుచుకుని నిట్టూర్చి, అప్పుడు పెట్టేవాడు. కిందటి వారం పొద్దున్న తిన్నది ఈ వారం రాత్రి వచ్చేది. షిఫ్టు మారే రోజు ఇద్దరం ఒకేసారి దిగి రెండు తొట్లు పెట్టేవాళ్ళం, మర్నాడు ఒక పూట ఎవడూ వచ్చేవాడు కాదు.

అది చాలక పొడులొకటి.

మా ముగ్గురికీ గేదె కడుపు మూడు రకాలుగా కనిపించేది. నేను ఫర్నేసు మనిషిని. నా దృష్టిలో కడుపంటే గ్యాసు. గ్యాసుకి దారి వదిలితే మిగిలినవన్నీ అవే సర్దుకుంటాయి. అందుకని వాము, ఇంగువ, సొంఠి, నల్లుప్పు కలిపి దంచి, హార్లిక్స్ సీసా మూతతో ఒక మూత దాణాలో చల్లేవాణ్ణి. బావ క్రేన్ మనిషి. సరుకు ఒకచోట నిలవ ఉండకూడదు, ఎత్తి అవతల పడేయాలి. అతనిది కరక్కాయ పొడి, పైన ఒక గరిటెడు ఆముదం. మావయ్య పంప్ హౌసు మనిషి. ఎక్కడ కారుతోందా, ఎలా కట్టాలా అన్నదే ఆయన జీవితం. ఎండబెట్టిన మారేడు గుజ్జు, దానిమ్మ తొక్క కలిపి నూరి పాత రంగు డబ్బాలో దాచుకునేవాడు. అరుగుదల బాగుంటుందని, పాలు చిక్కబడతాయని, ముందుజాగ్రత్త కోసమని మొదలెట్టాం. ఒకడు వేస్తున్నది ఇంకొకడికి చెప్పలేదు. చెబితే కాపీ కొట్టేస్తాడని.

ఇక్కడ నా సిగ్గు సంగతి చెప్పాలి. ప్లాంటులో నా పని ఏమిటి? ఫర్నేసుకి మేత వెయ్యడం, మా భాషలో ఛార్జింగ్. ఇనుపరాయి, కోకు, సున్నపురాయి. వాటి పాళ్ళు ఒక్క పిసరు మార్చాలన్నా పైవాడి సంతకం కావాలి, లాగ్‌బుక్కులో రాయాలి, తరవాతి షిఫ్టు వాడికి నోటితో చెప్పాలి. మార్చినా నెమ్మదిగా, ఫర్నేసుకి తెలియకుండా మార్చాలి. మేత తేడా చేస్తే అది మొదట మూలుగుతుంది, తరవాత బిగుసుకుంటుంది. ఇది నాకు నిద్రలో కూడా తెలుసు. నిజానికి నిద్రలోనే ఎక్కువ తెలుసు. అయినా ఇంటికొచ్చి, అంతకన్నా పెద్ద కొలిమికి రోజుకి మూడు రకాల మేత, మూడు రకాల పొడి వేయించాను, ఒక్క అక్షరం ఎక్కడా రాయకుండా.

కొన్నాళ్ళకి గేదె పేడ తిక్కతిక్కగా రావడం మొదలైంది. ఒకరోజు బంతుల్లా, గోడకి కొడితే తిరిగి వచ్చేలా. మర్నాడు పిడక కొట్టడానికి పట్టు లేనంత పలచగా. పాలు తగ్గాయి. ఒక ఆదివారం ముగ్గురం కొట్టం దగ్గర సమావేశమయ్యాం. పెద్ద బ్రేక్‌డౌనప్పుడు చీఫ్ ఇంజనీర్లు నిలబడినట్టు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాం.

"లోపల సరుకు జామైపోయింది బావా" అన్నాడు క్రేన్ బావ. "గట్టిగా ఒకసారి లాగీయాల."

"జామేటి నీ మొహం!" మావయ్య కస్సుమన్నాడు. "నిన్న చూళ్ళేదేటి, కుళాయి విప్పీసినట్టుంటేను! కట్టాల దాన్ని."

"రెండూ కాదు మావయ్యా, డొక్క చూడు ఎలాగ ఉబ్బిందో. అది గ్యాసు" అన్నాను నేను.

"నీకు పెళ్ళిలో బూరా ఊదినా గ్యాసేరా. ఊరుకో."

మా ఆవిడ మా వెనకాలే పేడ తట్ట పట్టుకుని నిలబడి ఉంది. "మజ్జిలో నేనొక మాట చెప్పొచ్చా?" అంది.

"నువ్వు పేడ తీసుకో అమ్మా, దాణా సంగతి మేం చూసుకుంటాం" అన్నాడు మావయ్య, ఎంతో ప్రేమగా.

ఆవిడ పేడ తీసుకుంది. మేం దాణా సంగతి చూసుకున్నాం. చూసుకోవడమంటే, ఆ రోజు నుంచి ఎవడి పొడి వాడు రెట్టింపు చేశాడు.

ఆ తరవాతి గురువారం సి షిఫ్టు దిగి వచ్చాను. ఆ రాత్రి ఫర్నేసు దగ్గర ఏదో అడ్డుపడి, ఎనిమిది గంటల పని పదహారు గంటల పనిలా చేశాం. సైకిల్ నన్ను తొక్కుకుంటూ తెచ్చిందో, నేను సైకిల్‌ని తొక్కానో నాకు స్పష్టత లేదు. గుమ్మంలో మా ఆవిడ నిలబడి ఉంది. చేతిలో టీ గ్లాసు లేదు. మా కాపురంలో సి షిఫ్టు పొద్దున్న చేతిలో టీ గ్లాసు లేకుండా ఆవిడ నిలబడటం అదే మొదలు.

"నిన్న మజ్జానం నించీ నెమరు వెయ్యట్లేదండీ" అంది.

వెళ్ళి చూశాను. గేదె మెడ సాచి, చెవులు వాల్చి నిలబడి ఉంది. కళ్ళల్లో ఈగలు వాలుతున్నా రెప్ప కొట్టడం లేదు. ముందు పెట్టింది పెట్టినట్టే ఉంది. అన్నిటికంటే, దాని దవడ కదలడం లేదు. ఎప్పుడు చూసినా పక్కకీ పక్కకీ తిరుగుతూ, మా ఇంటికి గోడ గడియారంలా ఉండే దవడ. ఫర్నేసు చల్లారితే లోపలున్నదంతా గడ్డకట్టుకుపోతుంది. తరవాత దేవుడొచ్చి ఊదినా వెలగదు. నెమరు ఆగిన గేదె కూడా అంతే.

"ఇది పోతే నేనిక్కడ ఉండనండీ" అంది మా ఆవిడ, దాని మెడ నిమురుతూ. గొంతు పెంచలేదు, కళ్ళు తుడుచుకోలేదు. "మీ మీద కోపం లేదు. ఈ ఊళ్ళో నాకు మరేటుంది చెప్పండి. మా ఊరు బండెక్కించీయండి."

అప్పటికి నాకు తెలిసిన ఆవిడ మాట తీరు ఏమిటంటే, ఏదైనా ఒక్కసారే అంటుంది. గేదె కావాలన్నదీ ఒక్కసారే.

బావకి ఆ రోజు వారపు సెలవు. మావయ్యది బి షిఫ్టు, మధ్యాహ్నం దాకా ఇంట్లోనే. ఇద్దర్నీ లేపుకొచ్చాను. వచ్చేటప్పుడు బావ కరక్కాయ డబ్బా, ఆముదం సీసా తెచ్చాడు. మావయ్య రంగు డబ్బా తెచ్చాడు. నా చేతిలో హార్లిక్స్ సీసా ఎప్పుడొచ్చిందో నాకే తెలియదు. పొడి కలిపి గొంతులో పొయ్యడానికి వెదురు గొట్టం కూడా సిద్ధం చేసుకుని, ముందు ఎవడిది పొయ్యాలా అని గొంతులు లేపాం.

మా ఆవిడ పేడ పార పట్టుకొచ్చి కొట్టం గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఒక్కరు కూడా లోపలికి రాకండి."

"అది కాదు చెల్లెమ్మా—" అన్నాడు బావ.

"ఆగండి అన్నయ్యా. సోమవారం మజ్జానం మీరు కరక్కాయ, ఆముదం పెట్టీసేరా? రాత్రి మావయ్యగారొచ్చి మారేడు, దానిమ్మ తొక్క. మీరు విప్పీసింది ఆయన కట్టీసేరు. పొద్దున్న ఈయనొచ్చి, ఏటీ కదల్లేదని వాము, ఇంగువ. దాణాలో ఒక మూత, నిద్రమత్తులో మర్చిపోయి మళ్ళీ ఒక మూత. మంగళవారం అన్నయ్యకి డబల్ డ్యూటీ. మజ్జానం దాణా లేదు. బుధవారం దానికీ కలిపి రెండు తొట్లు. ఒక పూట తవుడు, ఒక పూట చెక్క, ఒక పూట చున్నీ. దాని కడుపేటి, మీ ప్లాంటు కేంటీనా?"

మేం ముగ్గురం ప్లాంటులో పార ఒకటి చేతులు మారాలన్నా రాసుకునే మనుషులం. మూడు షిఫ్టులూ చూసే మనిషి ఈ ఇంట్లో ఒక్కతే ఉందని మాకు ఎన్నడూ తోచలేదు. వారం వారం మారని షిఫ్టు ఆవిడది. సెలవు లేదనే మాట వేరే.

"మరి ముందే చెప్పొచ్చు కదమ్మా" అన్నాడు మావయ్య, గొంతు బాగా తగ్గించి.

"చెప్పొచ్చా అని అడిగేను కదండీ. పేడ తీసుకోమన్నారు."

మావయ్య తన డబ్బాని లుంగీ మడతలో దాచుకున్నాడు.

ఆవిడ గోడ మీంచి రౌతాయిన్‌ని కేకేసింది. రౌతాయిన్ వచ్చి, చీర కొంగు నడుముకి దోపి, గేదె నోరు వాసన చూసింది. చెవులు పట్టుకుని చూసింది. ఎడమ డొక్కలో పిడికిలి గుచ్చి కాసేపు అలాగే ఉంచింది. "కా ఖవాయే హస్ నోనీ?" అంది. ఏం తినిపించావని. మా ఆవిడ మా ఇద్దరి చేతుల వైపూ, మావయ్య లుంగీ మడత వైపూ చూపించింది. రౌతాయిన్ ఒక్కొక్క డబ్బా మూత తీసి వాసన చూసి, నవ్వాపుకోలేక గుంజ పట్టుకుంది.

"ఏక్ ఠన్ భైంసీ, తీన్ ఝన్ బైగా!"

ఒక్క గేదె, ముగ్గురు భూతవైద్యులు అని. నా ఉద్యోగ జీవితంలో ఎన్నో చార్జిషీట్లు చూశాను గాని ఇంత క్లుప్తంగా రాసింది ఒక్కటీ లేదు.

తరవాత చెయ్యి అడ్డంగా ఊపి, "కుచ్ఛూ ఝన్ దే" అంది. ఏమీ పెట్టొద్దు. గోరువెచ్చటి నీళ్ళు, గుప్పెడు ఎండుగడ్డి, అంతే. అలా చెప్పి తన ఇంటికి వెళ్ళింది. వాళ్ళ వాకిట్లో గేదె ఒకటి కాళ్ళు ముడుచుకుని తీరిగ్గా నెమరు వేస్తోంది. దాని పక్కన గొంతుక్కూచుని, నుదురు నిమిరి, చటుక్కున రెండు వేళ్ళు నోట్లో పెట్టి, నములుతున్న ముద్దని లాగేసింది. ఆ గేదె, నోట్లో ఎంగిలి పోగొట్టుకున్న చిన్నపిల్లలా, ఖాళీ నోటిని రెండుసార్లు ఆడించి ఊరుకుంది.

మోదుగాకులో పెట్టి తెచ్చింది. పచ్చగా, తడిగా, ఆవిర్లు కక్కుతున్న ముద్ద. మేం ముగ్గురం రెండడుగులు వెనక్కి వేశాం. మా ఆవిడ చెయ్యి చాచి అందుకుంది. ఒక్క క్షణం అరచేతిలో పెట్టుకుని చూసుకుంది. ఆవిడ ముఖంలో ఏదో వెలిగింది.

"తోడు కదండీ ఇది" అంది నాతో. "పెరుగుకి తోడు అరువు తెచ్చుకోమా? అలాగ."

నాకు అప్పుడు అర్థమైంది. కాచిన పాలల్లో ఎన్ని దినుసులు కలిపినా పెరుగు అవదు. పక్కింటి నుంచి ఒక చుక్క తోడు తెచ్చుకోవాలి. మేం ముగ్గురం దినుసులు కలుపుతూ కూచున్నాం.

బావ కొమ్ములు పట్టుకున్నాడు, మావయ్య ముక్కుతాడు పట్టుకున్నాడు. మా ఆవిడ మోచెయ్యి దాకా నోట్లోకి పోనిచ్చి ఆ ముద్దని నాలుక వెనకాల పెట్టి, దవడ మూసి, గొంతు కిందికి నిమిరింది. "మింగు తల్లీ, మింగు" అంది. గేదె మింగింది. రౌతాయిన్ మరో ముద్ద తెచ్చింది, అదీ మింగింది. తరవాత ఆడవాళ్ళిద్దరూ గడ్డి చుట్టలతో దాని ఎడమ డొక్క రుద్దడం మొదలెట్టారు.

"మీరిలా రండి" అంది మా ఆవిడ నన్ను. "ఇక్కడ చెవి పెట్టి వినండి. లోపల ఉరిమినట్టు వినిపిస్తే చెప్పండి. మంచి గేదెకైతే నిమిషానికొకసారైనా ఉరమాల."

స్టూలు వేసుకుని చెవి పెట్టాను. ఏమీ లేదు. షట్‌డౌన్ అయిన ప్లాంటు షెడ్డులో మనిషి ఒక్కడే నిలబడితే ఎలా ఉంటుందో అంత నిశ్శబ్దం. రుద్దుతున్నారు, ఆపుతున్నారు, నా వైపు చూస్తున్నారు, నేను తల అడ్డంగా ఊపుతున్నాను. ఎండ ఎక్కింది. మావయ్యకి డ్యూటీ వేళైంది. వెళ్ళబోతూ తన రంగు డబ్బాని మా పెరటి గోడ మీద బోర్లించి పెట్టి, "నా చేత్తో దానికి మళ్ళీ ఏటీ పెట్టను తల్లీ" అన్నాడు. మా ఆవిడతో అన్నాడో గేదెతో అన్నాడో గాని, రెండు చేతులూ జోడించి అన్నాడు. బావ బోర్లించిన బాల్చీ మీద కూచుని గోళ్ళు కొరుకుతున్నాడు. అప్పటికి కరక్కాయ డబ్బా ఎక్కడ దాచాడో తెలియదు, ఈనాటికీ దొరకలేదు.

నేను నిద్రపోయాను. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. నా కాపురం ఆ డొక్కలో ఉరుము మీద ఆధారపడి ఉన్న వేళ, ఆ డొక్క మీదే తలవాల్చి నిద్రపోయాను. గేదె ఒళ్ళు వెచ్చగా ఉంది. వెనక ముప్ఫై గంటల మెలకువ ఉంది. కలలో మా ఆవిడ రైలు పెట్టెలో కిటికీ పక్కన కూచుని ఉంది. నేను ప్లాట్‌ఫారం మీద నిలబడి ఆవిడకి హార్లిక్స్ సీసా మూతతో వాము అందిస్తున్నాను. ఎంతకీ చెయ్యి అందదు.

రైలు కదిలింది. ఎక్కడో చాలా దూరంలో వ్యాగన్లు ఒకదానికొకటి గుద్దుకుంటూ కదిలినట్టు ఒక దొర్లుడు. అది నా చెవి కింద నుంచి మొదలై, వీపు మీదుగా వెళ్ళి, నా స్టూలు కాళ్ళలో ఆగింది. ఉలిక్కిపడి లేచి, ఎక్కడున్నానో తెలియక, "ఛార్జింగ్ ఆపండ్రా!" అని అరిచాను.

"ఉష్! కదలకండి" అంది మా ఆవిడ.

మళ్ళీ చెవి పెట్టాను. ఏమీ లేదు. ఏమీ లేదు. తరవాత రెండో దొర్లుడు. కొండ మీంచి బండ ఒకటి తొందర లేకుండా దిగుతున్నట్టు. నేను వేలెత్తి చూపించాను. మూడోసారి దొర్లాక గేదె మెడ ముందుకి చాచి త్రేన్చింది. ఆ త్రేన్పు గురించి నేనెంత చెప్పినా తక్కువే. వాము, ఇంగువ, కరక్కాయ, ఆముదం, మారేడు, దానిమ్మ, వారం రోజుల మా ముగ్గురి వైద్యమంతా ఒక్కసారి బయటికి వచ్చి మా మొహాల మీద కొట్టింది. టౌన్‌షిప్‌లో సెక్టర్ 4 దాకా వెళ్ళి ఉంటుందని నా నమ్మకం. బావ బాల్చీ మీంచి వెనక్కి పడ్డాడు.

ఆ తరవాత దాని గొంతులో కింద నుంచి పైకి ఒక ఉబ్బు పాకింది. దవడ ఒకసారి పక్కకి జరిగింది. ఆగింది. మళ్ళీ జరిగింది.

మా ఆవిడ ఉన్నచోటే కూలబడింది. పేడలోనే. అప్పుడు ఏడ్చింది. రౌతాయిన్ ఆవిడ తల నిమురుతూ ఏదో అంటోంది, నాకు అర్థం కాలేదు. ఆవిడకి అర్థమైనట్టే ఉంది.

పశువుల డాక్టరు దూరపు పల్లెల్లో తిరుగుతూ ఉండి రెండు రోజుల తరవాత వచ్చాడు. అంతా విని, మందులు చెడ్డవి కావు, చేతులు ఎక్కువయ్యాయి అన్నాడు. దాని కడుపులో కంటికి కనబడని జీవాలు కోట్లకొద్దీ ఉంటాయట, అవే గడ్డిని అరగదీస్తాయట. రోజుకో మేత, పూటకో పొడి పెడితే అవి చచ్చి ఊరుకుంటాయట. మా ఆవిడ తలుపు చాటు నుంచి, "తోడు చచ్చిపోయిందని చెప్తున్నారు" అని నాకు అనువదించింది.

మర్నాటి నుంచి దాణా ఆవిడ చేతిలోకి వెళ్ళిపోయింది. మమ్మల్ని అడగలేదు, మేమూ కాదనలేదు. పొద్దున్న ఒకటి, సాయంత్రం ఒకటి, ఒకే దాణా, ఒకే వేళ. కుడితిలో చిటికెడు వాము, నాలుగు మెంతులు, ప్రతిరోజూ అంతే. పండగైనా అంతే, నాకు ఓవర్‌టైం వచ్చినా అంతే. "లాగ్‌బుక్కు ఒకటి కట్టనా కొట్టంలో?" అని అడిగాను, కాస్త ఉపయోగపడదామని. "పెట్టేదీ చూసేదీ ఒక్కళ్ళయితే రాసేదెందుకండీ?" అంది. నా హార్లిక్స్ సీసా వంటింట్లోకి చేరింది. దానిలో ఉన్నది నేనే తిన్నాను, నాలుగు నెలల పాటు.

ఆ గేదె తరవాత మూడు ఈతలు ఈనింది. మా ఆవిడ బండెక్కలేదు. ఎక్కినా పదిహేను రోజుల్లో తిరిగొచ్చేది, గేదె ఎలా ఉందో అని.

నేను మాత్రం ఇంకా చాలా ఏళ్ళు మూడు షిఫ్టుల్లోనే ఉన్నాను. సి షిఫ్టు దిగి వచ్చిన పొద్దున్నల్లో సైకిల్ గోడకి ఆనించి, తిన్నగా పెరట్లోకి వెళ్ళి, కాసేపు దాని ఎడమ డొక్కకి చెవి ఆనించి నిలబడేవాణ్ణి. వినడానికే అనుకునేవాళ్ళు చూసినవాళ్ళు. నిలబడటానికి ఏదో ఒకటి కావాలి కదా. లోపల దొర్లుతూ ఉండేది, ఒక వేళకి, ఒక తీరుగా.

"బాగానే ఉంది గానీ, ఇంక లోపలికి రండి" అనేది మా ఆవిడ. "మీకేటి పెట్టమంటారు?"

నాకది పొద్దుటి ఫలహారమో, రాత్రి మిగిలిపోయిన భోజనమో తేలేది కాదు. ఏదో ఒకటి పెట్టమనేవాణ్ణి.